చేపలను ఏలుట

"గాజు తొట్టిలో చేపలను పెట్టి పెంచుట పాపమగునా?" అని చిట్యాలకు చెందిన ఒక యౌవనస్థుడు మమ్ము అడిగెను. ఆ ఊరు 65వ జాతీయ రహదారి మీదనే ఉన్నది గనుక పట్నపు సరుకుతోపాటు పట్నపు వేడుకలును అక్కడికి త్వరగానే చేరును. అతడు హైదరాబాదునుండి వచ్చుచు ప్లాస్టికు సంచిలో మూడు చిన్న చేపలను తెచ్చుకొనెను. ఇంటిలోని నాయనమ్మ చూచి, "పారే నీళ్లల్ల తిరిగేదాన్ని పట్టుకొచ్చి సీసాల పెడితివి, దాని ఉసురు తగులుతది బిడ్డా" అనినది. స్నేహితుడు నవ్వి, "మొన్న పులుసు పెట్టుకున్న చేపకు లేని ఉసురు ఈ వేలెడు చేపకు యాడిది?" అనెను. ఇద్దరి మాటలును సరిగానే తోచుటవలన అతనికి ఎటును తేలలేదు. ఇది చిన్నపిల్లల సంగతి అని కొందరనవచ్చును. మాకట్లు తోచలేదు.

స్నేహితుని మాటకు జవాబు త్వరగా చెప్పవచ్చును. మన ప్రభువు శిష్యులలో పలువురు జాలరులు. తిరిగి లేచిన తరువాత ఆయనయే తిబెరియ సముద్రతీరమున నిప్పులమీద చేపను సిద్ధపరచి వారికి పెట్టినట్లు యోహాను సువార్త 21వ అధ్యాయములో చదువుచున్నాము. కావున చేపను తినుటను గూర్చి ఇక్కడ వాదము లేదు. అయితే తినుటకు పట్టిన చేపకును, ఉంచుకొనుటకు తెచ్చిన చేపకును భేదమున్నది. మొదటిదానితో మన పని గడియలో ముగియును. దానిని బాధించక త్వరగా ముగించుటయే అక్కడి ధర్మము. రెండవదానితో మన పని ఆ దినమే మొదలగును. అది బ్రదికియున్నంతకాలము మనము దానికి బాకీ. చేపను పట్టినవాడు కూడ చేయని పని ఒకటి, పెంచువాడు చేసియున్నాడు: దానికి కావలసిన సమస్తము తన చేతిగుండనే పోవలెనని ఏర్పాటు చేసినాడు.

నాయనమ్మ మాట ఇంతకంటె లోతైనది. దానిని విచారించుటకు ముందు ఒక పాత మాటను తలచుకొందము.

ఆదికాండము మొదటి అధ్యాయములో దేవుడు నరుని తన స్వరూపమందు చేసి, ప్రాణులమీద అతనికి ఏలుబడి ఇచ్చినట్లు వ్రాయబడినది. ఏలవలసినవాటి పేర్లు వరుసగా చెప్పినప్పుడు మొట్టమొదట వచ్చునవి పశువులు కావు, పక్షులు కావు, సముద్రపు చేపలు. మనకు కంటికి కనబడనివి, మన చేతికి చిక్కనివి, మన మాట విననివి. ఎద్దును ఏలుట మనకు తెలియును. కుక్కను ఏలుట తెలియును. చేపను ఏలుట యనగానేమి? పూర్వులకు ఇది వట్టిమాటగా తోచియుండవచ్చును. ఇప్పుడు ఒక గాజుతొట్టిని ముందుగది బల్లమీద పెట్టుకొన్న ప్రతివాడును ఆ మాటకు అర్థము చెప్పవలసినవాడైనాడు.

మరియు మన ప్రాంతములో ఏలుబడి అను మాట పైనుండి వినినవారు కొద్దిమంది. క్రిందనుండి వినినవారే ఎక్కువ. మన సంఘములలో అనేకుల తాతలు దొరల గడీలలో వెట్టి చేసినవారు. జీతగాండ్రుగా కుదిరి, అప్పు తీరక, తండ్రి తరువాత కొడుకు అదే దొడ్డిలో పేడ తీసిన కుటుంబములున్నవి. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో వచ్చినది. అనగా ఇప్పటి పెద్దల జ్ఞాపకములో ఉన్న సంగతియే. పోవుటకు దారిలేనివాని సుఖదుఃఖములు మరియొకని ఇష్టముమీద ఆధారపడినప్పుడు ఎట్లుండునో మనకు ఎవరును పుస్తకములో చూపనక్కరలేదు. హబక్కూకు ప్రవక్త తన జనుల బాధను మొరపెట్టుకొనుచు, ఏలువాడు లేని సముద్రపు చేపలవలె నరులు గాలములకును వలలకును చిక్కుచున్నారని చెప్పుకొనెను. ఆ పోలికను గమనించుడి. ఆయన దృష్టిలో ఏలువాడు ఉండుట చేపకు మేలు. వల వేయువాడు ఏలువాడు కాడు. గడీలోని దొర మన తాతలను ఏలినాడని లోకులందురు. ప్రవక్త భాషలోనైతే అతడు వల వేసినవాడు మాత్రమే.

ఈ భేదమును మనస్సునందుంచుకొని ఆ యౌవనస్థుడు తెచ్చిన మూడు చేపలను చూతము.

అవి జీబ్రా చేపలు. చిటికెనవేలికంటె చిన్నవి, సుమారు 4 సెంటీమీటర్లు. ప్రక్కలను తలనుండి తోకవరకు నీలి చారలు. పరదేశపు చేపలని అతడనుకొనెను గాని అవి మన దేశపువే. గంగానది చేపలను గూర్చి 1822లో గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అను వైద్యుడు వీటికి శాస్త్రనామము పెట్టెను. మెల్లగా పారు కాలువలలో, వరిమడుల నీళ్లలో, గుంటల అంచులలో ఇవి గుంపులుగా తిరుగును. నేడు ప్రపంచమందంతట పరిశోధనాలయములలో వీటిని పెంచుచున్నారు, హైదరాబాదులోను పెంచుచున్నారు. దీని హృదయములో అయిదవ వంతువరకు కోసివేసినను రెండు నెలలలో తిరిగి పెరుగునని 2002లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. మనుష్యుని హృదయమునకు లేని వరము ఈ వేలెడు ప్రాణికున్నది.

అయితే దానికి ఒంటరిగా బ్రదుకు వరము లేదు. గుంపు దానికి వేడుక కాదు, రక్షణ. పెద్ద చేప మీదికి వచ్చినప్పుడు పదులకొలది చారలు ఒక్కసారి అటునిటు కదలగా దేనిని పట్టుకొనవలెనో దానికి తోచదు. ప్రక్కవాని కదలికను కంటితోను, ఒంటి ప్రక్కనున్న ఒక గ్రహణరేఖతోను తెలిసికొని, ఒకటి తిరిగిన దిక్కునకు అన్నియు తిరుగును. ఇట్టి చేపను ఒంటరిగా ఉంచిన యెడల అది మూలను దాగును, మేత సరిగా తినదు, నీడ కదలినను బెదరును. కనీసము ఆరు, వీలైతే పది ఉండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. మన అంగళ్లలోనో, రంగుకొక్కటి చొప్పున ఇచ్చి పంపుదురు. కొనువాడును అదియే అడుగును. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి నలుపు: చూచువాని కన్నులకు పండుగ, లోపల ప్రతిదియు పరదేశి. నరుడు ఒంటరిగా ఉండుట మంచిదికాదని దేవుడు చూచిన సంగతిని పెండ్లి ప్రసంగములలో వినుచునే ఉన్నాము. చేపలయెడల ఆ మాటను ఎవరును ప్రసంగింపలేదు గాని అక్కడను అది నిజమే.

ఇంకొక చేపను అంగడివారు ఎక్కువగా చూపుదురు. దాని పేరు నియాన్ టెట్రా. చీకటిలో దీపపు వత్తివలె నీలిగీత మెరయును, క్రిందిభాగమున ఎరుపు. దక్షిణ అమెరికాలో అమెజాన్ పరివాహకమున, ఆకులు కుళ్లి తేనీటిరంగు పట్టిన మెత్తని నీటిలో పుట్టినది. 1936లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టిరి. అంగళ్లలోనివి చాలమట్టుకు తోటలలో మొక్కలవలె తొట్లలో పెంచి అమ్మునవే. అయినను దాని శరీరము ఆ మెత్తని నీటికే ఏర్పడినది. మన బోరు నీళ్లు అనేకచోట్ల క్షారగుణము గలవి, ఉప్పు గలవి. ఆ నీటిలో దానిని వేసి, నెల తిరుగకమునుపే చచ్చినదని చింతించుటకంటె, మన నీటికి తగిన చేపను ఎంచుకొనుట మేలు. జీబ్రా చేప మన నీటిని చాలమట్టుకు ఓర్చుకొనును. మన చెరువుల పరకలును చూచుటకు అందమైనవే. వెండి బిళ్లలవలె తళుక్కుమనును. వాటిని చూచి మురిసినవారు లేకపోయిరి గాని, అది వాటి తప్పు కాదు.

ఇప్పుడు నీటి సంగతి. దీనిని కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది.

క్రొత్త తొట్టి కొన్నవాడు సాధారణముగా ఏమి చేయును? ఉదయమున తొట్టి తెచ్చును, మధ్యాహ్నము నీళ్లు పోయును, సాయంకాలము చేపలను వదలును. నీరు అద్దమువలె ఉండును. మూడవ దినమునుండి చేపలు పైకివచ్చి నోళ్లు తెరచును. వారమునకు సగము చచ్చును. అంగడివాడు జబ్బు చేపలిచ్చెనని ఇతడు తిట్టును. జరిగినది వేరు. చేప విసర్జించునదియు, తినక మిగిలిన మేతయు కుళ్లి అమ్మోనియా అను విషమగును. నదిలో అది కొట్టుకొనిపోవును. చెరువులో కోటి జీవులు దానిని అరిగించుకొనును. గాజుతొట్టిలో పోవుటకు చోటులేదు. నీటికి క్షారగుణము హెచ్చుగా ఉన్నచోట ఆ విషము మరింత చురుకుగా పనిచేయును, గనుక మన ప్రాంతమువారు రెండింతలు జాగ్రత్తపడవలెను. కంటికి కనబడని ఒకజాతి సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మరియొకజాతి దానిని నైట్రేటుగా మార్చును. అది అంత హానికరము కాదు, మొక్కలకు ఆహారము. ఈ రెండు జాతులును గులకరాళ్లమీదను, ఫిల్టరు స్పంజిలోను కుదురుకొని కాపురముండుటకు 4 మొదలు 6 వారములు పట్టును. అంతవరకు ఎంత తేటగా ఉన్నను ఆ నీరు ఇల్లు కాదు.

సృష్టిక్రమమును జ్ఞాపకము చేసికొనుడి. జలములు కూర్చబడినవి, మూడవ దినమున మొక్కలు మొలిచినవి, అయిదవ దినముననే చేపలు కలిగినవి. చోటు సిద్ధమైన తరువాతనే ప్రాణి. మనము ఆ వేదభాగమును తొట్టి పెట్టువారి పాఠముగా చదువుటలేదు. అది అందుకొరకు వ్రాయబడలేదు. కాని ఆ వరుసను తలక్రిందులు చేసినవాని తొట్టిలో ఏమగునో చూచినవారికి, అది తొందరలేని చేయి అని తెలియును. మొదట ఇసుకను, నీటిమొక్కలను నాటవలెను. మన చెరువులో దొరకు నాచును బాగుగా కడిగి వేసినను పెరుగును. మొక్క వెలుతురులో ప్రాణవాయువు నిచ్చును, అమ్మోనియాను పీల్చుకొనును, బెదరిన చేపకు చాటగును. నెలదినములు వట్టి మొక్కల తొట్టిని చూచుచు కూర్చుండవలెను. పిల్లలు "చేపలేవీ?" అని రోజును అడుగుదురు. అడుగనిండు.

తేటనీరే మంచినీరు అను భ్రమ నల్లగొండ జిల్లావారికి ఉండదగదు. లోకములో మరియెవ్వరికైనను ఉండవచ్చును గాని మనకు కాదు. మన బావుల నీరు తేటగానే ఉండెను, చల్లగా ఉండెను, వాసనలేదు, రుచి చెడలేదు. అందులోనే ఫ్లోరైడు ఉండెను. అది క్రిందనున్న నల్లరాతిలోనుండి కరగి వచ్చును, కాచినను పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని మేర పెట్టబడగా, అంతకు మించిన నీటిని తరతరములు త్రాగిరి. పండ్లమీద గోధుమరంగు గారలు పట్టెను, కీళ్లు బిగుసుకొనెను, నడుములు వంగెను, కాళ్లు వంకరపోయిన బిడ్డలను తల్లులు చంకనెత్తుకొని తిరిగిరి. మద్రాసు రాజధానిలో ఈ జబ్బును 1937లో గుర్తించిరి. 1940వ దశకములో నల్లగొండ జిల్లాలోను ఉన్నదని వైద్యులు వ్రాసిరి. నాగపూరునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970వ దశకములో పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తొలగించు ఉపాయమును కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టిరి. నేటికిని పరదేశముల పుస్తకములలో దానిని నల్లగొండ పద్ధతి అనియే వ్రాయుదురు. పేరు లోకమంతట వ్యాపించినను నీరు ఇంటింటికి మారుటకు చాలకాలము పట్టెను. కృష్ణా నీటిని పైపులద్వారా తెచ్చు మిషన్ భగీరథకు 2015 జూన్ నెలలో పైలాను నిలిపినది మన ప్రక్కనున్న చౌటుప్పలులోనే. జబ్బును వైద్యులు వ్రాసినది మొదలుకొని అప్పటికి సుమారు 70 సంవత్సరములు.

ఈ డెబ్బది సంవత్సరములు మన జనులు ఎవరివలె ఉండిరి? తమకు పోయబడిన నీటిలో ఉండిరి. పోవుటకు మరియొక నీరు లేదు. విషమేదో కంటికి కనబడదు. తెలిసినవారు ఉండిరి గాని వారు గాజుకు అవతల ఉండిరి. ఇంతమాత్రము గ్రహించినవాడు, మూడవ దినమున పైకివచ్చి నోరు తెరచు చేపను చూచి "నీరు తేటగానే ఉన్నదిగదా" అని అనలేడు.

ఇక్కడ కొందరు పెద్దలు వేరొక ఆక్షేపణ తెచ్చుదురు: నీటికి ఇంత కరువుపడిన సీమలో చేపల ముచ్చటకు నీరు పోయుట న్యాయమా? ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. లెక్క చూతము. రెండడుగుల పొడవును, అడుగు వెడల్పును, అడుగు ఎత్తును గల తొట్టిలో సుమారు 55 లీటర్లు పట్టును; నాలుగు బిందెలు. వారమున కొకసారి నాల్గవ వంతు తీసి క్రొత్తనీరు పోయవలెను. అనగా ఒక బిందె. తీసిన నీరు పారబోయునది కాదు. నైట్రేటు గలది గనుక బెండ, వంకాయ, మల్లెచెట్టు పాదులకు ఎరువునీరగును. ఎట్లును చెట్లకు పోయు నీరు, చేపల ఇంటిలో ఒక వారము బసచేసి వెళ్లినదని చెప్పవచ్చును. కావున లెక్కలో పెద్ద నష్టములేదు. అయినను లెక్క ఒక్కటియే న్యాయము కాదు. వేసవిలో పైపు ఎండి, వాడలో ఆడవారు ట్యాంకరువద్ద బిందెలు వరుసపెట్టు దినములలో, మీ తొట్టికి ఆ వరుసలోని బిందె పోయవలసివచ్చునట్లయితే తొట్టి పెట్టకుడి. ముందే పెట్టినవారైతే ఆ నెలలలో చేపలను తక్కువ ఉంచి, మొక్కలను ఎక్కువ ఉంచి, మేత తగ్గించి, నీటి మార్పును తగ్గించుకొనవచ్చును. ఈ సంగతిలో మేము పెద్దల పక్షముననే ఉన్నాము.

పైపు నీటిని గూర్చి ఒక మాట. దానిలో క్రిములను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. మనకు మేలు చేయు ఆ మందు చేపల మొప్పలను కాల్చును. స్పంజిలోని సూక్ష్మజీవులను చంపును. నీటిని వెడల్పైన గంగాళములో పోసి ఒక దినము తెరచియుంచిన క్లోరిన్ చాలమట్టుకు ఎగిరిపోవును. స్పంజిని పంపు క్రింద పెట్టి కడుగక, తొట్టిలోనుండి తీసిన నీటిలోనే పిండవలెను. శుభ్రముచేయు ఆత్రముతో నెలల కాపురమును ఒక్క ఉదయమున కూల్చిన ఇల్లాండ్రు పలువురున్నారు. వారిని నిందింపరాదు, అది మనవారికి పుట్టుకతో వచ్చిన శుభ్రత.

మే నెలలో మన రేకుల ఇండ్లలో తొట్టినీరు కాగును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుచును. కరెంటు పోయి గాలి పంపు ఆగినప్పుడు చేపలు పైకి వచ్చును. తొట్టిని గోడకు దూరముగా, నేలకు దగ్గరగా, ఎండ తగులనిచోట పెట్టి, పైమూత తీసి విసనకఱ్ఱతో గాని ఫ్యానుతో గాని నీటిమీద గాలి ఆడించిన రెండు మూడు డిగ్రీలు తగ్గును. మట్టికుండ నీరు చల్లబడు కారణమే ఇక్కడను పనిచేయును.

మేత విషయములో పిల్లలకంటె పెద్దలే ఎక్కువ చెడగొట్టుదురు. చేప ఎదురుగా వచ్చి తోక ఆడించగానే ఆకలిగొన్నదనుకొని చిటికెడు వేయుదురు. వచ్చిన చుట్టముచేత మరి చిటికెడు వేయింతురు. ఆ చేప కడుపు దాని కన్నంత ఉండును. రెండు నిమిషములలో తినివేయునంత, దినమునకు ఒకసారియో రెండుసార్లో చాలును. మిగిలినది కుళ్లి పైన చెప్పిన విషమగును. తొట్లలో ఆకలిచేత చచ్చిన చేపలకంటె ప్రేమచేత చచ్చిన చేపలే ఎక్కువ. సామెతల గ్రంథము పండ్రెండవ అధ్యాయములో నీతిమంతుని గూర్చి చెప్పుచు, అతడు తన పశువు ప్రాణమును ఎరిగి చూచుకొనునని ఉన్నది. పశువునకు ఎక్కువ పెట్టునని లేదు. ఎరుగుట అను మాట అక్కడ ముఖ్యము. మన ముచ్చట తీరుటకు వేసిన చిటికెడు చేపను ఎరిగి వేసినది కాదు.

ఇంతదూరము వచ్చిన తరువాత కొందరు విసుగుచెంది, "ఇంత బాధ ఎందుకు? తీసికొనిపోయి చెరువులో వదలిన పుణ్యము, దాని బ్రదుకు అది బ్రదుకును" అందురు. నాయనమ్మ మనస్సులో ఉన్నదియు ఇదియే కావచ్చును. వినుటకు దయగల మాట. కాని మా తలంపులో ఈ కథ యంతటిలో ఎక్కువ కీడు చేసినది ఈ దయయే.

తొట్టి అద్దములకు పట్టిన పాచిని నాకి శుభ్రముచేయునని సక్కరు చేప అను ఒకదానిని అమ్ముదురు. దక్షిణ అమెరికాది. కొన్నప్పుడు వేలెడు, కొన్ని ఏండ్లకు అడుగు దాటును, తొట్టి చాలదు. చంపుటకు మనసొప్పక జనులు దానిని చెరువులోనో కాలువలోనో వదలిరి. ఒళ్లంత ఎముక పలకల కవచము, ముండ్లవంటి రెక్కలు. కొంగ మింగలేదు, కొర్రమీను కొరకలేదు. గట్లలో బొరియలు త్రవ్వును, పిల్లలను వేలకొలది పెట్టును. నేడు తెలుగు రాష్ట్రముల చెరువులలో జాలరులు దానిని దెయ్యపు చేప అందురు. వలలో పడిన వల చినుగును. పట్టినను కొనువాడు లేడు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో మిగిలిన దాని జన్యుపదార్థపు జాడలనుబట్టి వెదకి, తూర్పు కనుమల నీటివనరులలో అది విస్తారముగా వ్యాపించినదని తెలిపిరి. మన చెరువులమీద ముదిరాజులు, గంగపుత్రులు బ్రదుకుచున్నారు. ఒక యింటివాని దయకు వెల వారి వల చెల్లించుచున్నది.

మొక్కలయెడలను ఇట్లే. గుర్రపుడెక్కను దాని పువ్వు అందమును చూచి 19వ శతాబ్దాంతమున దక్షిణ అమెరికానుండి మన దేశమునకు తెచ్చిరి; అది ఏ చెరువును విడిచినది? మనవైపునుండి వెళ్లినదియు ఉన్నది. మన చెరువులలో సాధుగా పెరుగు నాచు, తొట్ల వ్యాపారమువలన 1950వ దశకపు ఆరంభమున అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమునకు చేరి, కాలువలలో తప్పించుకొని, పడవలు కదలనియ్యక అక్కడివారిని ఏడ్పించుచున్నది.

కావున తెచ్చినదానిని వదలుట విడుదల కాదు. బాధ్యతను చీకటిలో గట్టుదాటించుట. పెంచలేనివాడు పెంచగలవానికి ఇయ్యవలెను, లేదా కొన్నచోటనే తిరిగి ఇయ్యవలెను. అదియు కుదరనప్పుడు కడవరకు తానే చూచుకొనవలెను.

మరి నాయనమ్మ ప్రశ్న మిగిలినది: మూసిపెట్టుటయే తప్పు కాదా? పెంపుడు తొట్లలో పుట్టిన చేపకు తిరిగి వెళ్లుటకు నది లేదు. దాని తల్లియు నదిని ఎరుగదు. నదిలో పట్టి తెచ్చిన చేపల సంగతి వేరనవచ్చును. అక్కడను తీర్పు సులభము కాదు. బ్రెజిలు దేశములో నీగ్రో నది మీద బార్సెలోస్ అను ఊరివారు కార్డినల్ టెట్రా అను చిన్న చేపలను చేతివలలతో పట్టి అమ్మి బ్రదుకుదురు. ఆ జీవనము ఉన్నంతవరకు వారు అడవిని నరుకరనియు, చేపలు అడవి నీడనుబట్టి ఉన్నవనియు వాదించువారున్నారు. ఆ వాదమును కొట్టివేయుటకు మాకు ఆధారములేదు. అట్లని, మూసిపెట్టుటలో ఏ దోషమును లేదని మేము నాయనమ్మకు చెప్పబోము. మూసిపెట్టబడుట ఎట్టిదో ఆమెకు మాకంటె ఎక్కువ తెలిసియుండవచ్చును. ఆమె మాటను తొట్టిప్రక్కనే ఉండనిచ్చుట మంచిది. అది ఆ యింటిలో ఫిల్టరంత పనిచేయును.

ఆ యౌవనస్థునికి మేము చెప్పినదిది. మూడు చేపలను వెంటనే గిన్నెలోనుండి వెడల్పైన తొట్టిలోనికి మార్చుము. తొట్టి ఇంకను కుదురలేదు గనుక, ఇప్పుడే ఏడింటిని తెచ్చి కలుపకుము. మొక్కలు దట్టముగా నాటి, మేత సగము చేసి, దినము విడిచి దినము కొంచెము నీరు మార్చుచు నెల గడుపుము. అప్పుడు తక్కినవాటిని రెండు దఫాలుగా తెచ్చి గుంపును పూర్తిచేయుము. పండుగలకో సభలకో ఇంటిల్లిపాది నాలుగు దినములు ఊరు విడిచిన యెడల, ప్రక్కింటి పిల్లవానికి మేత డబ్బా అప్పగింపకుము. ఆరోగ్యముగానున్న పెద్ద చేపలు ఆ నాలుగు దినములు తినకపోయినను ఉండగలవు. కరెంటు పోయి వచ్చినప్పుడు గాలి పంపు తిరిగి ఆడుచున్నదో లేదో చూచిపొమ్మని మాత్రము ఆ పిల్లవానితో చెప్పుము.